టెలివిజను హాస్యము – జర్మను భాషాభ్యాసము

ఈ విద్యాసంవత్సరారంభమున జరిగిన తల్లిదండ్రుల సమావేశములో ఒక తండ్రిగారు లేచి మమ్ములను ఒక ప్రశ్న అడిగిరి. "అయ్యా, మా అమ్మాయి జర్మన్ నేర్చుకుంటున్నానని చెప్పి రాత్రి పదింటిదాకా టీవీ ముందు కూర్చుని నవ్వుతూ ఉంటుంది. పుస్తకం తెరవదు. అడిగితే ఇదే చదువంటుంది. ఇది చదువా, కాలక్షేపమా? మీరే చెప్పండి" అనిరి. సభలో పలువురు నవ్విరి. నవ్వినవారిలో సగము మందికి అదే సందేహము కలదని వారి ముఖములే చెప్పినవి. ఆనాడు వ్యవధి చాలక ముక్తసరిగా సమాధానము చెప్పి, వార్షిక సంచికలో వివరముగా వ్రాసెదమని మాట యిచ్చితిమి. ఆ మాట నిప్పుడు చెల్లించుకొనుచున్నాము.

మడివాళలో జర్మను భాషకు చోటెక్కడిదని ఊరికి దూరమున నున్న మన బంధువులు అడుగుచుందురు. సాయంకాలము ఏడు గంటలు దాటిన పిమ్మట హోసూరు రోడ్డున నిలిచి చూచినవారికి హైదరాబాదు, విజయవాడ, నెల్లూరు, తిరుపతి పోవు బస్సులే కనబడును. తెలుగు మాటలే వినబడును. కాని అదే రోడ్డు వెంట నగరమువైపు కొంత దూరము పోయినచో ఆడుగోడి వచ్చును. 1951లో స్థాపితమై, జనులు 'మైకో' అని పిలుచుకొన్న మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ జర్మనీ దేశపు బాష్ సంస్థకు చెందినది. 2008లో దాని పేరే బాష్ అయినది. 1960లో బెంగుళూరున ప్రారంభమైన మాక్స్ ముల్లర్ భవనము ఇందిరానగరమున జర్మను పాఠములు చెప్పుచున్నది. ఇక జర్మనీ విశ్వవిద్యాలయములలో 2023-24 శీతకాలపు సెమిస్టరున చదివిన భారతీయ విద్యార్థులు 49 వేలకు పైచిలుకు. అచ్చటి విదేశీ విద్యార్థులలో ఏ దేశమువారి కంటెను మనవారే అధికము. ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో చాలచోట్ల బోధనా రుసుము లేకపోవుటయే ఇందుకు ముఖ్యకారణమని పిల్లల చదువులకై అప్పులు చేయు గృహస్థులకు మేము వేరుగ చెప్పనక్కరలేదు.

రాకపోకలు నేటివి కావు. బెంజమిన్ షుల్ట్జ్ అను జర్మను మతప్రచారకుడు మద్రాసున తెలుగు నేర్చుకొని, స్వదేశమునకు తిరిగిపోయిన పిదప హాలె పట్టణమున 1746-47 ప్రాంతమున తెలుగు పుస్తకములను అచ్చు వేయించెను. తెలుగక్షరము అచ్చెక్కిన తొలినాళ్ల చరిత్ర అది. కన్నడమునకు 1894లో మహానిఘంటువు కూర్చిన ఫెర్డినాండు కిట్టెలు సయితము జర్మనుడే. వారు మన భాషలను ఎట్లు నేర్చిరి? సంతలలో, అరుగులమీద, జనుల మధ్య కూర్చుండి నేర్చిరి. మన పిల్లలకు ఆ అరుగు లేదు. దానికి బదులు గోడకు తగిలించిన టెలివిజను కలదు. అది అరుగుకు ఎంతవరకు సాటి యగునన్నదే మన ప్రశ్న.

మా పాఠశాలలో పదవ తరగతి వరకు చదివి, ఇంజనీరింగు ముగించి, ఉన్నతవిద్యకై జర్మనీ వెళ్లిన ఒక పూర్వవిద్యార్థి రెండేండ్ల క్రిందట మాకు ఉత్తరము వ్రాసెను. అతడు ఇచ్చటనే బి1 అను మధ్యమస్థాయి పరీక్షలో మంచి మార్కులతో ఉత్తీర్ణుడయ్యెను. అయినను అచ్చటి భోజనశాలలో తోటి విద్యార్థులు నలుగురు కూడి మాటలాడుకొనునపుడు ప్రతి పదమునకు అర్థము తెలిసియే యుండునట, అందరును నవ్వుదురట, తానును నవ్వునట గాని, ఒక్క క్షణము ఆలస్యముగా నవ్వునట. ఆ ఒక్క క్షణమును వారు గమనింతురనియు, మరునాడు ఆ బల్ల దగ్గరకు పోవుటకు కాళ్లు రావనియు వ్రాసెను. చలిని గూర్చి గాని, వంటను గూర్చి గాని అతడొక్క మాట వ్రాయలేదు. ఈ ఉత్తరము చదివిన పిదపనే హాస్యమును పాఠముగా చెప్పవచ్చునా యను ఆలోచన మాకు కలిగినది.

పొరుగు భాషలో ఆలస్యముగా నవ్వుట యనగా ఏమో బెంగుళూరు తెలుగువారికి బాగుగ తెలియును. మనలో కొందరు ఉద్యోగములకై ఇచ్చటకు వచ్చిన క్రొత్తలో, కన్నడిగుడైన పై అధికారి 'నీవు' అని సంబోధించినపుడు చిన్నబుచ్చుకొనిరి. తెలుగున 'నీవు' చనువు మాట. కన్నడమున అది గౌరవము మాట, అక్కడి చనువు మాట 'నీను'. పొరుగింటివారు భోజనమునకు పిలిచి, వడ్డించుచు 'సాకా?' అని అడిగినచో, 'ఏమి సాకు చెప్పితిమా?' అని తెల్లబోయినవారును కలరు. కన్నడమున 'సాకు' అనగా చాలు. ఇట్టివి ఏ పుస్తకము చూచి దిద్దుకొంటిమి? మా ఇండ్లలో తల్లులు పలువురు ఈటీవీ కన్నడలో వచ్చిన 'పాప పాండు', 'సిల్లి లల్లి' వంటి హాస్యధారావాహికలు చూచి కన్నడము నేర్చిరి. కూరగాయల బండివాని వేళాకోళమునకు బదులు చెప్పగల కన్నడము వారికి అక్కడ లభించినది. దానిని మనము ఏనాడును చదువని పిలువలేదు, అదియే చదువు.

అయితే ఒక హెచ్చరిక. నవ్వించువారందరు నేర్పువారు కారు. 1897లో అచ్చయిన గురజాడవారి 'కన్యాశుల్కము'లో గిరీశము వెంకటేశమునకు ఇంగ్లీషు చెప్పిన తీరు మనకందరకు తెలిసినదే. గురువు మాటలు వినుట శిష్యునకు మహా వేడుక. చదువు మాత్రము సున్న. జర్మను హాస్యము చూచుచున్నానని చెప్పి, క్రింద వచ్చు ఇంగ్లీషు అక్షరములు చదువుకొని నవ్వు బాలుడు వెంకటేశమునకు తమ్ముడే. అతని తండ్రిగారి అనుమానము న్యాయమైనది.

ఇక హాస్యము ఏమి నేర్పునో చూతము. జర్మను భాషలో మన 'నువ్వు' వంటి 'దూ', మన 'మీరు' వంటి 'జీ' కలవు. వ్యాకరణ పుస్తకమున ఇది పది నిమిషముల పాఠము. కాని ఎవరిని ఎప్పుడు 'జీ' అనవలెను, ఎంతవరకు 'జీ' అని యుండుట మర్యాద, ఎచ్చట అది అతియగును అనునవి ఆ పది నిమిషములలో రావు. జర్మనీలో లోరియో అను పేరుతో ప్రఖ్యాతుడైన హాస్యకర్త యొకడుండెను. అసలు పేరు విక్కో ఫాన్ బ్యూలో. 1923లో జన్మించి 2011లో మరణించెను. లోరియో అనునది ఒక పసుపుపచ్చని పిట్టకు ఫ్రెంచి పేరు. ఆ పిట్ట ఆయన వంశచిహ్నము. 1978లో ఆయన టెలివిజనునకై చిత్రించిన బొమ్మల ప్రహసనమొకటి కలదు. ఒకరికొకరు పరిచయము లేని ఇద్దరు పెద్దమనుష్యులు పొరపాటున హోటలులో ఒకే స్నానపు తొట్టిలో కూర్చుందురు. ఒకరు హెర్ ముల్లర్-ల్యూడెన్‌షైడ్, మరియొకరు డాక్టర్ క్లోబ్నర్. తొట్టి ఎవరిది, నీరు నింపవలెనా వద్దా, రబ్బరు బాతు ఉండవలెనా వద్దా అని తగవు. ఒంటిమీద నూలుపోగు లేదు. కాని తగవు ముదురుకొలది మర్యాద పెరుగుచుండునే గాని తరుగదు. ప్రతి మాటకును పూర్తి పేరు, బిరుదము, 'జీ' శబ్దము తప్పవు. ఈ నాలుగైదు నిమిషముల దృశ్యమును మూడుసార్లు చూచిన విద్యార్థికి జర్మను మర్యాదావాచకములు ఎముకలో పట్టును. మర్యాద మాటలే ఆయుధములుగా ఎట్లు వాడుదురో కూడ తెలియును.

రెండవది, చిన్న మాటల సంగతి. జర్మనులో మాల్, డోఖ్, యా, హాల్ట్ వంటి పొట్టి పదములు వాక్యము నడుమ దొర్లుచుండును. నిఘంటువు చూచినచో వీటికి అర్థము చిక్కదు. పరీక్షలో వదలివేసినను మార్కులు పోవు. కాని ఇవి లేని జర్మను ఉప్పులేని కూర. 'కొమ్' అనగా 'రా'. 'కొమ్ మాల్' అనగా 'ఒకసారి రా'. ఇచ్చట చిత్రమేమనగా, 'మాల్' అను మాట పుట్టుకకు కూడ ఒకసారి అనియే అర్థము. ఆజ్ఞను మెత్తన చేయుటకు వారును మనవలెనే 'ఒకసారి'ని వాడుచున్నారు. మనము వంటింటిలోని వారిని 'ఒకసారి ఇటు రా' అనునపుడు లెక్క పెట్టుచున్నామా? 'కొమ్ డోఖ్' అనినచో 'రారాదూ!' అను బుజ్జగింపు వచ్చును. తెలుగు వాక్యపు చివర 'లే', 'గా', 'కదూ', 'మరి' చేయు పనిని జర్మనున ఈ పొట్టి పదములు చేయుచున్నవి. ఇంగ్లీషు ద్వారమున జర్మను నేర్చు పిల్లవానికి ఇది కొరుకుడు పడదు. తెలుగు ద్వారమున వచ్చువానికి వెంటనే తెలియును. ఈ సంగతి మన పిల్లలకు ఎవరును చెప్పుట లేదు.

ఈ పదములన్నియు కాపురమున్న చోటు లోరియో రచించిన గ్రుడ్డు ప్రహసనము. ఇది 1977 నాటిది. ఉదయ ఫలాహారమున భర్త గ్రుడ్డు గట్టిపడినదని అనును. ఎన్ని నిమిషములు ఉడికించితివని అడుగును. భార్య గడియారము చూడలేదనియు, అంచనాతో దించితిననియు చెప్పును. అంతటితో దాంపత్య కలహము. కథ యింతే. చేతికొలతతో ఉప్పు వేయు మన అమ్మమ్మలను, ఎన్ని గ్రాములు వేసితివని అడుగు ఇంజనీరు అల్లుళ్లను ఎరిగిన ఇంటిలో దీనికి వ్యాఖ్యానము అక్కరలేదు. వాక్యములు చిన్నవి, పదములు మొదటి ఆరు నెలల పాఠములలోనివే. కష్టమంతయు స్వరములో నున్నది, ఆ స్వరము పుస్తకమున లేదు.

మూడవది క్రియ. జర్మను ఉపవాక్యములలో క్రియ చివర వచ్చును. ఇంగ్లీషువారు దీనిని వింతగా చెప్పుకొని, శతాబ్దకాలముగా ఎగతాళి చేయుచున్నారు. మనకు వింత యేమున్నది? 'నేను రేపు మధ్యాహ్నము మీ యింటికి మా తమ్మునితో కూడ' అని ఎంతసేపు సాగదీసినను, వచ్చెదనో రానో చివరి మాటనే మనము చెప్పుచున్నాము. తెలుగు శ్రోత చివరి వరకు ఓపిక పట్టుట ఉగ్గుపాలతో నేర్చినవాడు. జర్మను హాస్యగాడు ఆ చివరి మాటను పట్టి యుంచి, ఒక్కసారి విడిచి నవ్వించును. కొన్ని క్రియలు రెండు ముక్కలై, రెండవ ముక్క వాక్యాంతమున పడును. 'ఉమ్‌ఫారెన్' అను క్రియ నెత్తుకొనుడు. నొక్కి పలుకు చోటును బట్టి, ముక్కలగుటను బట్టి దానికి రెండర్థములు: అడ్డము వచ్చినవానిని తప్పించి ప్రక్కనుండి పోవుట ఒకటి, గుద్ది పడగొట్టి పోవుట మరొకటి. సిల్క్ బోర్డు కూడలిలో ప్రతిదినము ప్రాణములు అరచేత పెట్టుకొని రోడ్డు దాటు మన పిల్లలకు ఈ భేదము చెప్పినపుడు తరగతి అంతయు ఘొల్లుమని నవ్వినది. తరువాత ఒక్కడును దానిని మరువలేదు.

సమాసముల మాట చెప్పకుండిన ప్రబంధములు చదివిన పెద్దలు మమ్ము క్షమింపరు. డాన్యూబు నదిలో తిరుగు ఆవిరి ఓడల కంపెనీకి చెందిన ఓడ నాయకుని జర్మనులు ఒకే మాటలో డోనావుడాంప్ఫ్‌షిఫ్ఫార్ట్స్‌గెజెల్‌షాఫ్ట్స్‌కపిటేన్ అందురు. నవ్వుటకే వారు దీనిని ఉదాహరింతురు. మేము పిల్లలచేత దీనికి తెలుగు చేయించితిమి: డాన్యూబునదీధూమనౌకాయానసంఘనావికాధిపతి. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె రెండును ఊపిరి తీయకుండ చదివినది. విగ్రహవాక్యము కూడ చెప్పినది. తెలుగు సమాసపాఠమున ఆమెకు అంతవరకు ఆసక్తి లేదు.

ఇప్పుడు మేము చేసిన పొరపాటు చెప్పవలెను. శనివారము సాయంకాలములందు గ్రంథాలయపు గదిలో ఇరువదిమంది పిల్లలకు, పూర్వవిద్యార్థులకు ఈ దృశ్యములు చూపుట మొదలిడినపుడు, ఉత్సాహము కొలది ముందుగా 'హోయ్‌టె షో' చూపితిమి. ఇది జర్మనీలో జెడ్.డి.ఎఫ్. అను టెలివిజను సంస్థ 2009లో మొదలుపెట్టిన వారపు వ్యంగ్యవార్తలు. ఆ సంస్థ వార్తల పేరే 'హోయ్‌టె', అనగా నేడు. ఓలివర్ వెల్కె అను ఆయన వార్తలు చదువువానివలె కూర్చుండి, మంత్రుల మాటలను మంత్రులమీదనే త్రిప్పికొట్టును. అచ్చటి సభలోనివారు విరగబడి నవ్వుచున్నారు. మా గదిలో చీమ చిటుక్కుమన్నను వినబడును. మాటలు వేగము, మంత్రులెవరో తెలియదు, వారి పార్టీలు తెలియవు, వారు క్రితము వారము ఏమి పలికిరో అసలే తెలియదు. నలుబది నిమిషములు గడచిన పిమ్మట ఒక బాలుడు మెల్లగా, "సార్, ఇది తీన్మార్ వార్తల్లాంటిదేమో. మా బావకు అది నవ్వొస్తుంది, నాకు రాదు. నేను తెలంగాణ వార్తలు చూడను కదా" అనెను. మేము ఒక నెలపాటు ఆలోచించి తెలిసికొనదగిన సంగతిని ఆ బాలుడు ఒక్క మాటలో చెప్పినాడు. వ్యంగ్యము వార్తకు నీడ. వస్తువు చూడనివానికి నీడ యేమి తెలియును?

కావున క్రమము మార్చితిమి. మొదటి ఆరు నెలలు డాయిష్ వెల్లె సంస్థవారు నేర్చుకొనువారికై తీసిన 'నికోస్ వేగ్' కథాచిత్రము. అది హాస్యము కాదు గాని, సామాను పోగొట్టుకొన్న ఒక విదేశీ యువకుని తికమకలు అందులో కలవు. రుసుము లేకుండ లభించును. 1971 నుండి వచ్చుచున్న పిల్లల కార్యక్రమము, ఎలుకబొమ్మ గల 'డీ జెండుంగ్ మిట్ డెర్ మౌస్' చూచుటకు పెద్దలు సిగ్గుపడ నక్కరలేదు. తరువాత లోరియో. ఆ తరువాత 2004 నుండి 2012 వరకు వచ్చిన 'ష్ట్రోంబెర్గ్'. బీమా కంపెనీలో పనిచేయు ఒక అల్పబుద్ధి అధికారి కథ. ఉద్యోగమునకు పోవు వారికి ఆఫీసు జర్మను ఇందులో నేర్వదగినది. ఆ అధికారి మాటలు మాత్రము అనుకరింపదగినవి కావు. 2006-2008 నడుమ వచ్చిన 'ట్యుర్కిష్ ఫ్యూర్ ఆన్‌ఫెంగర్'లో జర్మను తల్లి, టర్కీ వంశపు తండ్రి, వారి వారి పిల్లలు ఒక యింట చేరిన సందడి కలదు. రెండు భాషల నడుమ పెరుగు మన పిల్లలు దీనికి అన్నిటికంటె ఎక్కువగా అంటుకొనిపోయిరి. చిట్టచివర వ్యంగ్యవార్తలు, అవియు రెండు నెలలు అసలు వార్తలు విన్న పిదపనే. 1952లో మొదలైన 'టాగెస్‌షావ్' రాత్రి ఎనిమిది గంటల వార్తలు పదునైదు నిమిషములు. 2024 నుండి దానినే సులభభాషలో కూడ ఇచ్చుచున్నారు; ఇది మన పిల్లలకు చాల ఉపకరించినది.

నడుమ నొక సంగతి. జర్మనులు ప్రతి సంవత్సరాంతపు రాత్రి తప్పక చూచు హాస్యనాటిక యొకటి కలదు. పేరు 'డిన్నర్ ఫర్ వన్'. 1963లో తీసినది. తొంబది యేండ్ల వృద్ధురాలికి సేవకుడు భోజనము వడ్డించుటయే కథ. జర్మను నేర్చుకొందమని ఉత్సాహముతో దానిని తెరచినవారికి తెలియవచ్చునదేమనగా, పరిచయ వాక్యములు తప్ప నాటిక అంతయు ఇంగ్లీషే! దేశమంతయు కంఠస్థము చేసిన హాస్యము పరభాషలోనిది. పాఠమునకు పనికిరాదు గాని, చూచి నవ్వుకొనుటకు అభ్యంతరము లేదు.

ఇంటివద్ద చూచు విధానమును గూర్చి తల్లిదండ్రులకు మా మనవి యిది. దృశ్యము మూడు నాలుగు నిమిషములకు మించరాదు. గంటసేపు చూచుట వినోదము. మూడు నిమిషములను నాలుగు మారులు చూచుట చదువు. తొలిసారి అక్షరములు లేకుండ చూడవలెను. రెండవసారి క్రింద జర్మను అక్షరములు పెట్టుకొని చూడవలెను. ఇంగ్లీషు అక్షరములు వలదు. చెవి వినుమాటనే కన్ను చదివినచో రెండును కలిసి బలపడును. మనదేశమున సినిమా పాటల క్రింద అదే భాషలో సాహిత్యము వేయవలెనను ప్రయత్నము 1996లో అహమ్మదాబాదు ఐ.ఐ.ఎం.లో పుట్టినదియు ఈ సూత్రము మీదనే. మూడవసారి సభికులు నవ్విన చోట ఆపవలెను. వారు నవ్విరి, నేను నవ్వలేదు. ఏ మాట నాకు అందలేదు? ఆ మాటను పట్టుకొనువరకు వెనుకకు పోవలెను. ఆ సభికుల నవ్వు మనకు దీపస్తంభము. తెలియని చోటును అది వ్రేలు పెట్టి చూపును. ఏ పాఠ్యపుస్తకమును ఇంత ఖచ్చితముగా చూపదు. నాలుగవసారి శబ్దము తీసివేసి, పిల్లలే మాటలు చెప్పవలెను. మాటలు తప్పిపోయిననుసరే, స్వరము తప్పరాదు.

విన్న ప్రతి మాటయు వాడుటకు కాదని పిల్లలకు గట్టిగా చెప్పవలెను. 'గిఫ్ట్' అనగా బహుమానమనుకొని జర్మనులో ఉపాధ్యాయునికి 'గిఫ్ట్' తెచ్చితినని చెప్పినవాడు విషము తెచ్చితినని చెప్పినట్లగును. ఇది నవ్వి పోవచ్చును. కాని హాస్యదృశ్యములోని తిట్టును, చనువు మాటను ఆచార్యుని ముందు ప్రయోగించినచో నవ్వి ఊరకుండరు. అర్థము చేసికొనుటకు పెద్ద సంచి, మాటలాడుటకు చిన్న సంచి ఉంచుకొనవలెను.

ఒక తల్లిగారు మాతో మరియొక భయము చెప్పిరి. ఆ నవ్వులలో మన పిల్లలే నవ్వులపాలైనచో? ఈ భయము ఊహ కాదు. 2001 నుండి 2005 వరకు జర్మను టెలివిజనులో 'వాస్ గుక్‌స్ట్ దూ' అను హాస్యము నడచినది. నటుడు కాయా యానర్; ఫ్రాంక్‌ఫర్టున పుట్టిన వలసకుటుంబపు బిడ్డ. ఆయన వేషములలో రంజిద్ అను భారతీయుడొకడు. వెంట ఒక ఆవు. నోట మన యాస. దేశమంతయు నవ్వినది. వలసవచ్చినవాడే వలసవారి యాసలను ఆడించెను గనుక అది తోటివారి పరిహాసమని కొందరు, పరిహాసము పరిహాసమేనని కొందరు అందురు. మేము దీనిని పిల్లలకు దాచలేదు, చూపితిమి. కొందరు నవ్విరి, ఒకడు ముఖము త్రిప్పుకొనెను. అప్పుడు మేము మన యింటి సంగతి ఎత్తితిమి. తెలుగు సినిమాలలో తెలంగాణపు మాటను ఎన్ని దశాబ్దములు విదూషకునికి, ప్రతినాయకునికి కట్టబెట్టితిమి? సెలవులకు ఊరికి పోయిన బెంగుళూరు పిల్లల తెలుగు విని మన మేనమామలే ఎంత నవ్వుదురు? ఆ గదిలో అట్టి నవ్వు పడనివాడు ఒక్కడును లేడు. అందరు చేతులెత్తిరి. ముఖము త్రిప్పుకొన్న బాలుడు కూడ ఎత్తెను. ఎవరు ఎవరిని చూచి నవ్వుచున్నారు, పైవారిని చూచియా, క్రిందివారిని చూచియా అని అడుగుట ఆనాటినుండి మా తరగతిలో వాడుక యైనది.

పైవారిని చూచి నవ్వుట ఎంత ఖరీదైనదో కూడ జర్మను టెలివిజను చరిత్రయే చెప్పును. 1986 మే నెలలో, చెర్నోబిల్ ప్రమాదము జరిగిన కొలది దినములకు, డీటర్ హిల్డెబ్రాంట్ నడుపుచుండిన 'షైబెన్‌విషర్' అను వ్యంగ్యకార్యక్రమము దేశమంతట ప్రసారము కాగా, బవేరియా రాష్ట్రపు ప్రసారసంస్థ మాత్రము ఆ భాగమును తమ ప్రాంతమున వేయుటకు నిరాకరించినది. 2016లో యాన్ బోమర్మాన్ టర్కీ అధ్యక్షునిపై చదివిన వ్యంగ్యపద్యము రెండు ప్రభుత్వముల నడుమ వివాదమై కోర్టుల కెక్కినది. ఆ పద్యము అసభ్యమైనది; పిల్లలకు చూపదగినది కాదు. కాని పరదేశ పాలకులను అవమానించుట ప్రత్యేక నేరమని చెప్పు పాతచట్టపు 103వ విభాగము, ఆ రగడ ఫలితముగా 2018 జనవరి 1 నుండి రద్దయినది. ఒక దేశమున ఉండబోవువాడు ఆ దేశమున దేనిని చూచి నవ్వవచ్చునో, దేనికి నవ్విన తగవు వచ్చునో తెలిసికొని పోవుట మంచిది.

ఇక ఇంటిలో పెద్దలు చేయదగిన పని. మాకు జర్మను రాదు, మేమేమి చూడగలమని మీరు అనవచ్చును. రాకపోవుటయే మీకు బలము. దృశ్యము ముగిసిన పిమ్మట పిల్లను పిలిచి, అందులో నవ్వేమున్నదో తెలుగున చెప్పుమని అడుగుడు. నిజముగా అర్థమైన హాస్యమును మరొక భాషలో చెప్పవచ్చును. నవ్వు కొంత చెడినను చెప్పవచ్చును. అర్థము కానివాడు చెప్పలేడు, 'అది జర్మన్‌లోనే బాగుంటుంది' అని తప్పించుకొనును. ఈ పరీక్షకు రుసుము లేదు. అయితే పిల్ల తడబడినపుడు తడబాటు జర్మనులోనా, తెలుగులోనా అని మీరే కనిపెట్టవలసి యుండును. మాకు తెలిసినంతవరకు సగము తడబాటు తెలుగుదే. పాఠ్యపుస్తకపు తెలుగు చదువగల పిల్లలు అమ్మమ్మకు ఒక నవ్వుకథ చెప్పలేకపోవుట మా పాఠశాలకు గర్వకారణము కాదు.

సమావేశమున ప్రశ్న వేసిన తండ్రిగారి యింటిలో ఈ పని జరిగినది. ఆ అమ్మాయి స్నానపు తొట్టి కథను నాయనమ్మకు చెప్పబోయినది. ఆమె చిత్తూరు జిల్లా నుండి వచ్చి నలుబదియేండ్లుగా మడివాళలో నున్న మనిషి. ఇద్దరు ముక్కుమొగము తెలియనివాళ్లు ఒకే తొట్టిలో కూర్చుండిరనగనే, "అదేం ఖర్మ!" అనిరట. అమ్మాయి 'జీ' శబ్దమును 'మీరు' అని చెప్పి చూచినది, నాయనమ్మ నవ్వలేదు. 'తాము' అని చెప్పి చూచినది; ఆమె మరియు నవ్వలేదు. బాతు దగ్గర తగవు వచ్చుసరికి ఆమెయే అడ్డుపడి, "ఆగవే. అంత కోపంలోనూ గారు, గారు అనుకుంటున్నారా? అయితే వాళ్లు వియ్యంకులే. పెళ్లిలో విడిదింట్లో నీళ్లు చాలనప్పుడు మీ తాత, మీ అత్త మామగారూ అట్లానే కొట్లాడుకున్నారు" అని చెప్పి, తానే పడిపడి నవ్వినదట.

మరుసటి శనివారము ఆ అమ్మాయి పుస్తకము చూచితిమి. 'జీ' అను మాట కెదురుగా అంతకు ముందు వ్రాసుకొన్న 'మీరు' కొట్టివేసి, దాని ప్రక్కన 'వియ్యంకుల మీరు' అని వ్రాసియున్నది.